నాలుగో టికెట్

మూడు వారాలుగా గళ్ళ నోటుపుస్తకంలో
ఒక శనివారాన్ని గీస్తున్నాను, చెరుపుతున్నాను.
ముప్ఫై ఒక్క ఏళ్ళు మిష్కోల్ట్స్‌లో ట్రామ్ నడిపినవాణ్ణి,
నిమిషాలు రాసిలేని చోట నాకు ఊపిరాడదు.

ఆరు నలభైకి రైలు.
తొమ్మిది కాకముందే బుడాపెస్ట్, కెలెతి స్టేషన్.
అక్కడ కాఫీ తాగొద్దు, ధర వింటే గుండె ఆగుతుందని
పక్కన ఎర్రసిరాతో ఒక గమనిక.
పదింటికి వేడినీళ్ళ కొలను:
మెడదాకా పొగల్లో మునిగి చదరంగమాడే ముసలాళ్ళను చూడ్డానికి,
మనమేదో కుర్రాళ్ళమైనట్టు.
మధ్యాహ్నం ఇరవై ఎనిమిదో నంబరు ట్రామ్, కొబాన్యా వైపు.
డ్రైవరు వెనక సీటు నాది.
బ్రేకు ఎలా వేస్తాడో వినాలి.

మూడింటికి బ్రూవరీ.

జోంబోర్ రోజుకు రెండుసార్లు ఫోను:
చెప్పులేసుకోనా, బూట్లా?
అది నేల కింద సొరంగంరా,
ఎండాకాలమైనా ఎముకలు కొరుకుతుంది, స్వెట్టరు తెచ్చుకో.
బుల్చూకి డాక్టరు బీరు మాన్పించాడు.
"వాసన చూస్తా. వాసన మానమని చీటీలో రాయలేదుగా."

అంతా కుదిరాక, టికెట్ల అమ్మాయి అంది:
"నలుగురికి తక్కువైతే కుదరదండీ."

నలుగురమే ఉండేవాళ్ళం.
అసలీ ఆలోచన కెలెమెన్‌ది.
రాత్రి షిఫ్టు దిగి డిపో గోడకి వీపు ఆనించి
పోదాంరా, పోదాంరా అని పదకొండేళ్ళు అన్నాడు.
మార్చిలో, పట్టాల మీద మంచు ఇంకా కరగకుండానే
పోయాడు,
మమ్మల్ని పిలవకుండా.

ఆగోత దగ్గరికి వెళ్ళాం ముగ్గురం,
టోపీలు చేతుల్లో తిప్పుకుంటూ.
నలభై ఏళ్ళు వాడి కోటుకి పట్టిన బీరు కంపుని తిట్టిన మనిషి.
బాల్కనీలో కూర్చుని తలపిన్నుతో
పుల్లచెర్రీల్లో గింజలు తీస్తోంది.
మోచేతుల దాకా ఎరుపు.
నేను ఉపోద్ఘాతం మొదలుపెట్టాను.
"రైలు ఎన్నింటికి?" అంది.
అంతే.

కొబాన్యా అంటే రాతిగని.
ఊళ్ళో ఎన్ని మేడలు లేచాయో
ఇక్కడ అంత గొయ్యి మిగిలిందట.
రాయి పోయిన ఆ ఖాళీలో
పీపాలు దొర్లించి బీరు పండించారట.
మా గైడు చిల్లా, చదువుకునే పిల్ల,
టార్చి వేసి గోడల మీద ఉలి దెబ్బలు చూపించింది.
ఆగోత వాటిని వేలితో తడుముతూ నడిచింది,
వరస తప్పకుండా లెక్కపెడుతున్నట్టు.

చివర్లో ఒక పీపా చుట్టూ నాలుగు గ్లాసులు.
వెనక నిలబడ్డ జర్మన్ కుర్రాళ్ళకి చిల్లా చెబుతోంది:
మా దగ్గర బీరు గ్లాసులు తాకించం.
ఎప్పుడో పద్దెనిమిది వందల నలభై తొమ్మిదిలో
మా పదముగ్గురు సేనాధిపతుల్ని చంపి
ఆస్ట్రియావాళ్ళు గ్లాసులు తాకించారని కథ.
నూటయాభై ఏళ్ళు తాకించమని ఒట్టు.
గడువు తీరి చాలా ఏళ్ళయింది,
చేతులకే ఇంకా తెలీదు.

బుల్చూ గ్లాసు అలాగే ఉంది, నురగ చల్లారుతూ.
ఎవరూ దాని వైపు చూడలేదు, అందరం చూశాం.
ఆగోత చెయ్యి చాచి
తన గ్లాసుని దానికి తాకించింది.
చిన్న చప్పుడు.
ట్రామ్ కదిలేముందు కొట్టే గంటంత.
జోంబోర్ ఉలిక్కిపడ్డాడు.
చిల్లా నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది.

ఒక్క గుక్క తాగి మొహం చిట్లించింది.
"ఈ చేదు కోసమా పదకొండేళ్ళు కలవరించాడు?"
అని గ్లాసు ఖాళీ చేసింది.
తర్వాత బుల్చూది కూడా.

ఆదివారం పేజీలో నా రాత:
తొమ్మిదికి మార్కెట్, రెండు ముప్ఫైకి తిరుగు రైలు.
రెండు ముప్ఫై కొట్టేసి ఉంది.
కింద నాది కాని అక్షరాలు,
అంచున చెర్రీ మరక:
లాంగోష్ తిందాం, వెల్లుల్లి దండిగా.
రైళ్ళదేముంది, ఇంకోటి వస్తుంది.