తాళంచెవి

మూడో అంతస్తు మలుపులో
రోజూ ఆగుతావు వాల్దెమార్,
తాళంచెవి వెతుక్కుంటున్నట్టు.
చెవి నీ చేతిలోనే ఉంటుంది.
నేనూ చెప్పు పట్టీ సర్దుకుంటున్నట్టు వంగుతాను.
ఇలా ఒకరినొకరం మోసం చేసుకుంటూ
రెండు చలికాలాలు గడిపేశాం.

ముప్పై ఏళ్ళు బస్సు తోలావు.
మోంతెవిదేయో ఊరంతా నీ వెనక ఎక్కింది, దిగింది, ఎటో నడిచి వెళ్ళిపోయింది.
నువ్వు కూర్చున్నచోటే ఉన్నావు.

నీ పొట్టతో నాకు పేచీ లేదు,
చలిరాత్రి నా అరికాళ్ళకు అదే కుంపటి.
మంచం కింద నీలం బూట్లున్నాయే,
నాలుగేళ్ళ కిందటివి,
అడుగు ఇంకా తెల్లగా ఉన్నవి,
వాటితోనూ పేచీ లేదు.
మెట్ల మీద పుటుక్కున తెగే
ఆ ఊపిరితోనే.

అందుకని విను.
రేపట్నుంచి ఇంట్లో మాతే ఆకు నానదు.
వేడినీళ్ళ ఫ్లాస్కు నా చంకలో,
సొరబుర్ర నా చేతిలో,
సముద్రపు గట్టు వెంట నడుస్తూ ఉంటాను.
దీపస్తంభానికో గుక్క.
కావాలంటే వచ్చి అందుకో.

మొదటిరోజు రెండు స్తంభాలు చాలు.
గాలి టోపీ లాక్కుపోతే నన్ను తిట్టు,
పనిలో పనిగా డాక్టరమ్మనీ తిట్టు.
గాలాలేసే ముసలాళ్ళు నవ్వితే
వాళ్ళ ఖాళీ బుట్టల్లోకి తొంగి చూసి నువ్వూ నవ్వు.

నిజం చెప్పనా,
నిన్న ఒక్కదాన్నే వెళ్ళొచ్చాను.
ఐదో స్తంభం దగ్గర
నాకే ఆయాసం వచ్చింది.
ఎవరైనా చూస్తున్నారేమోనని
సంచిలో చెయ్యి పెట్టి
చాలాసేపు
తాళంచెవి వెతుక్కున్నాను.