చన్నీళ్ళు

జులైలో జహరాలో
నీలం చుక్క కుళాయి తిప్పితే సలసల కాగేవి వస్తాయి.
మిద్దె మీది ట్యాంకు పగలంతా ఉడికి
అర్ధరాత్రికీ ఆరదు.
గీజరు ఆపేసి, దాని కడుపులో నిలవున్నవే
ఎర్ర చుక్క కుళాయిలోంచి
చన్నీళ్ళని పట్టుకుంటాం.

మామా తలకి చన్నీళ్ళే పోయాలంది నర్సు.
(ఇక్కడ ఇంటావిడని మామా అనాలి.
మొదట్లో నవ్వొచ్చేది.)
వారానికొకసారి. రుద్దొద్దు. రంగు వద్దు.
పళ్ళు ఎడంగా ఉన్న దువ్వెన.
సగం హిందీ, సగం అరబ్బీ, మిగిలింది చేతులతో
చెప్పింది ఆ కేరళ పిల్ల.

మూడు వారాలకోసారి ఆసుపత్రి.
బయట నలభై తొమ్మిది.
లోపల జుట్టు తడిపి, క్రీము పూసి,
టోపీ బిగించి, గడ్డం కింద పట్టీ లాగుతారు.
టోపీకి గొట్టాలు, గొట్టాల్లో మంచులాంటి చలి.
మందు ఎక్కకముందు అరగంట,
ఎక్కినంతసేపూ,
ఎక్కాక ఇంకో గంటన్నర.
మొదటి పావుగంటే ప్రాణం తీస్తుంది.
పళ్ళు కొరుక్కుంటూ నా వేళ్ళు నలిపేస్తుంది.
పదకొండేళ్ళలో ఆమె నా చెయ్యి పట్టుకుంది అక్కడే.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.
"గడప దాటితే నల్లగుడ్డ కప్పుకుంటావు.
బాబా పోయి ఆరేళ్ళాయె.
ఎవరు చూడాలని మామా, ఇంత చలి?"
కసరలేదు.
"రోజూ దువ్వేదానివి, నువ్వా అడిగేది?" అంది.

వీసా రావాలని మొక్కుకుని
రాయచోటి వీరభద్రుడికి తలనీలాలిచ్చినదాన్ని నేను.
కత్తి ఆడుతుంటే కంట్లో చుక్క లేదు.
తడి గుండు మీద గాలి తగిలితే
నవ్వాను కూడా.
అయితే అది నేనే ఇచ్చింది.

దిండు మీద రాలినవి
ఆమె లేచేలోపు ఏరేస్తాను.
ఎన్ని, అని వేళ్ళతోనే అడుగుతుంది.
సగం మింగి చెబుతాను.
ఉండ చుట్టి పడేయబోతుంటే చెయ్యాడదు.
మా వీధిలో అయితే ఈమాత్రం ఉండకి
సైకిలాయన రెండు పిన్నీసులిచ్చేవాడు.

ఈ రోజు శుక్రవారం.
తెల్లారుజాము నాలుక్కే బకెట్టు పట్టి
ఐసు ట్రే బోర్లించి
మోచెయ్యి ముంచి చూశాను,
పసిబిడ్డకి కాగు నీళ్ళు చూసినట్టు.
పీట మీద కూచుని ఒక్కసారి వెనక్కి తిరిగింది.
చన్నీళ్ళేనా?
చన్నీళ్ళే మామా.
తల వంచు.