నక్షాలో బూడిదరంగు భాగం

సముద్రం వైపు ఉన్నవన్నీ రంగుల్లో వేశాను.
లాబీకి తేనెరంగు, బాల్కనీలకు లేత నీలం,
విందు గదికి దానిమ్మ ఎరుపు.
మిగిలిందంతా బూడిదరంగు.
మా వృత్తిలో అది మామూలే,
అతిథి కంటపడని చోటికి రంగు దండగ.

బతూమిలో ఆ నెలంతా వాన.
పాత హోటల్ని పడగొట్టే ముందు
పనివాళ్లకి ఒకసారి నక్షా చూపించమన్నారు, మర్యాద కోసం.
ఎవరూ రారనుకుని
కుతైసి రైలు దిగి, తడిసిన కాగితాలు ఆరబెట్టుకుంటున్నాను.

త్సియాలా వచ్చింది.
ముప్పై ఒక్క ఏళ్లుగా లాండ్రీ ఆవిడదే.
మోచేతుల దాకా ఆవిరి తిన్న చర్మం.
కళ్లజోడు కొంగంచుతో కాదు, దిండు గలీబుతో తుడుచుకుని
తేనెరంగు మీంచి చూపు జారవిడిచి
నేరుగా బూడిదలోకి దిగింది.

"ఈ నడవ వెడల్పెంత?"
మీటరు నలభై.
"తడి దుప్పట్ల బండి ఇటు, పొడి దుప్పట్ల బండి అటు.
ఎవరు వెనక్కి నడవాలి?"
రబ్బరు తీశాను.

"చేపలొచ్చే తలుపూ చెత్త వెళ్లే తలుపూ ఒకటేనా?
మీ ఇంట్లోనూ అంతేనా?"
మళ్లీ రబ్బరు.

లెక్కల గదికి కిటికీ అడగలేదు.
"గురామికి వద్దు, వాన చూస్తే కూడికలు తప్పుతాడు."
స్విచ్‌బోర్డు దగ్గర నానూలికి మాత్రం కావాలంది.
ఊళ్లు దాటి ఫోన్లు చేసి అడుగుతారట,
ఈవేళ సముద్రం ఎలా ఉందని.
పదకొండేళ్లుగా అది గోడకేసి చూస్తూ చెబుతోందట,
"ప్రశాంతంగా ఉందండీ."

తర్వాత ఆవిడ వేలు ఒక చిన్న గది మీద ఆగింది.
సిబ్బంది వ్యవహారాల ఆఫీసు.
నేలమాళిగ చివర, మేనేజరు గదిని ఆనుకుని,
ఎంత చక్కగా కుదిరిందోనని నేను మురిసిపోయిన చోటు.

"రండి" అంది.
పాత హోటల్ అడుక్కి తీసుకెళ్లింది.
సబ్బు, ఉల్లిపాయ, తుప్పు, ఎవరిదో సిగరెట్టు.
అలాంటి గది తలుపు ముందే నన్ను నిలబెట్టి
"ఇప్పుడే మీ ఉద్యోగం పోయింది. నడవండి."

నడిచాను.
వంటగది ముందు కత్తులు ఆగాయి.
భోజనాల బల్లల దగ్గర చెంచాలు ఆగాయి.
ఇస్త్రీ దగ్గరి ఆడవాళ్లు మటుకు
చూడకుండా ముఖాలు తిప్పుకున్నారు, అది ఇంకా కష్టం.
గేటు దాకా ఎనభై నాలుగు అడుగులు.
ఉత్తుత్తిదే, తెలుసు.
అయినా అరవయ్యో అడుగు దగ్గర
నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

ఎవరిని తలుచుకుని నడిపించిందో ఆవిడ చెప్పలేదు.
నేనూ అడగలేదు.
గేటు కాపలా బద్రి మాత్రం
వానలోకి చూస్తూ అన్నాడు,
"జాయిరా ఆ రోజు కోటు కూడా తీసుకోలేదు."

ఆ రాత్రి గది జరిపాను.
వెనక గేటు పక్కకి, హాజరు గడియారం దాటగానే.
రెండు తలుపులు: ఒకటి లోపలికి,
ఒకటి నేరుగా వీధిలోకి.
కోట్లు తగిలించే కొక్కేలు ఆ రెండోదాని పక్కన.
అందుకు సారా సీసాల గది ఇరుకైంది.
మేనేజరు రోజూ ఇంకాస్త దూరం నడవాలి.
నడవనీ.

యజమాని నక్షా మీదే కాఫీ కప్పు పెట్టి చూశాడు.
తేనెరంగు బాగుందన్నాడు, ఎరుపు ఇంకాస్త పెంచమన్నాడు.
లేవబోతూ, బూడిదరంగు మీద గోరు తాటించి,
"ఈ ఆఫీసు ఇక్కడెందుకొచ్చింది?"

"పైపులండీ" అన్నాను.
"పైపులు అటు వెళ్లవు."

తల ఊపాడు.
పైపుల గురించి ఎవరూ వాదించరు.