నాడె

సిరిసిల్ల నెహ్రూనగర్ల
నాంపెల్లి కాక సాంచెల షెడ్డుకు
ఇప్పుడు తలుపు లేదు, ఉత్త ద్వారబందమే.
నాలుగు సాంచెలు తుక్కు కింద తూకానికి పోయినంక
నేల మీద నాలుగు నూనె మరకలు మిగిలినయ్.
వాటి మీద వరుసల నిలబడ్డం ముగ్గురం:
నేను, అజ్మత్,
తంగళ్ళపల్లి నుంచి వచ్చిన ఎల్లవ్వ.

రేపు రాత్రికి శంషాబాద్.
ఇయ్యాల పొద్దుగూకంగ నేర్చుకునుడు.

బెల్టు ఇప్పు, అన్నడు కాక.
జేబుల చిల్లర, తాళంచెవి, ఫోను, అన్నీ ఇండ్ల వెయ్యి.
పెండ్లినాటి ఇత్తడి తాంబాళం చాపిండు.
అక్కడ గింత మంచిది ఉంటదా కాకా?
ప్లాస్టిక్‌ది ఉంటది. బూడిద రంగు.
మన మీద నమ్మకం లేనట్టు లోతుగ ఉంటది.

ద్వారబందం కింద నుంచి నడిచిన.
కుయ్యి, అన్నడు నోటితోని.
మొలతాడుకు వెండిబిళ్ళ ఉన్నదా?
ఉన్నది. అంగి ఎత్తకముందే ఎట్ల తెలిసిందో.
చేతులు చాపు. కొట్లాటకు వచ్చినట్టు కాదురా,
దండెం మీద ఆరేసిన అంగి లెక్క.
చెడిపోయిన దోమల బ్యాటు
నా సంకల కింద, నడుము చుట్టూ, కాళ్ళ నడుమ
తాకీ తాకకుండ తిరిగింది.

కసురుతరు, అన్నడు.
నిన్నే అనుకోకు.
పొద్దటినుంచి ఎన్ని వేలమందినో కసురుతున్నరు,
నడుమ నువ్వొచ్చినవ్, గంతే.

ఎల్లవ్వా, నిన్ను పరదా ఎనక ఆడామె చూస్తది.
మట్టెలు తియ్యమంటే, 'నై నికల్తా' అను.
కోపంగ కాదు. ఏడ్చుకుంట కాదు.
బస్సుల జగిత్యాలకు టికెటు అడిగినట్టు.
నై నికల్తా, అన్నది ఎల్లవ్వ.
గొంతు లేవలే.
నై నికల్తా.
మూడోసారి ఆమె కాలివేళ్ళు
వాటంతట అవే ముడుచుకున్నయ్.

అజ్మత్ అడిగిండు:
మా అన్నను, పేరు చదివినంక
ఇంకోసారి మొకం చూసిన్రట,
పక్కకు జరిగి నిలబడుమన్నరట.
అప్పుడేం చెయ్యాలె?
కాక తాంబాళం దిక్కు చూసిండు శానాసేపు.
దానికి నా దగ్గర పాఠం లేదు బిడ్డా.

పక్క గల్లీల ఇంకా ఆడుతున్న సాంచెల చప్పుడు.

నువ్వెట్ల నేర్చుకున్నవ్ కాకా, అంటే
బీడి ముట్టించి చెప్పిండు.
మొదటిసారి పోయినప్పుడు
రెండు అంగీల నడుమ నాడె పెట్టుకున్నడట.
ఎందుకంటే ఎందుకో తెల్వదు.
తెర మీద అది కనవడ్డది,
రెండు దిక్కుల ఉక్కు మొనలతోని.
యే క్యా హై?
నాడెకు హిందీల ఏమంటరో రాదు.
అందుకని వరుస మొత్తం చూస్తుండంగ
చెయ్యి ఎడమకు, కుడికి, ఎడమకు ఆడించి
నోటితోని టకటక టకటక అన్నడట.
ఎనక ఎవరో నవ్విన్రు.
ఒకడు, హటో హటో, అని తోసిండు.
ఇంకో ఆఫీసరమ్మ వచ్చి
తన యూనిఫాం చెయ్యిని రెండు వేళ్ళతోని పట్టుకొని
కప్డా? అన్నదట.
హా మేడం, కప్డా.
ఆమె నాడెను తిప్పి చూసింది,
కన్నంల చిక్కిన పోగును ఊది తీసింది.
రూల్ హై చాచా, అన్నది.
కత్తెరలు, లైటర్లు, నెయిల్‌కట్టర్లు ఉన్న డబ్బాల
పారెయ్యలే బిడ్డా.
పెట్టింది.

గా మాట మల్లొకసారి అన్నడు, బీడి ఆరిపోయినంక.
పెట్టింది.

కరెంటు పోయింది, పక్క గల్లీ సప్పుడు ఆగింది.
ఇగ చాలు తియ్, అని
కాక ద్వారబందం కింద నుంచి
మా దిక్కు వచ్చిండు.

కుయ్యి, అన్నది ఎల్లవ్వ.

మేమెవరం నవ్వలే మొదలు. తర్వాత కాకే నవ్విండు.
చేతులు చాపు కాకా, అన్నది ఆమె,
నేల మీది దోమల బ్యాటు అందుకొని.
చాపిండు,
దండెం మీద ఆరేసిన అంగి లెక్క.
బనీనుకు సంక కింద జానెడు చిరుగు.
బ్యాటు అక్కడిదాక వచ్చి
ఆగింది.