గ్రేడింగు

టంగుటూరు షెడ్డులో పదహారేళ్ళు
పొగాకు గ్రేడు చేసిన చేతులివి.
కళ్ళు మూసుకున్నా చెబుతాను
ఏ ఆకు పండిందో, ఏది మాడిందో,
ఏ బేలులో పైన బంగారం పేర్చి
లోపల చెత్త కుక్కారో.
కాలేజీని ఎట్టా పట్టుకు చూడాలో మాత్రం
నాకెవరూ నేర్పలేదు.

మా షారోను బైపీసీ.
ల్యాబ్ టెక్నీషియన్ చదువుతానంది.
డాక్టరు కంటే ముందు
జబ్బు సంగతి తెలిసేది వాళ్ళకేనంట.

మొదటిది ఒంగోలు బైపాసు మీద.
అద్దాల తలుపు దానంతటదే తెరుచుకుంది.
కూల్‌డ్రింకు ఇచ్చారు.
గోడ నిండా నవ్వే మొహాలు, మొహాల కింద జీతాలు.
ఏడాదికి తొంభై వేలు,
హాస్టలు విడి, పరీక్ష ఫీజు విడి, తెల్లకోటు కూడా విడి.
"ఈ వారం కడితే పదివేలు తగ్గిస్తామమ్మా"
టై కట్టుకున్న పిల్లగాడు.
వేలంలో ఇంత తొందరపెట్టేవాడు
ఎప్పుడూ తడిసిన బేలే అమ్ముతాడు.
ల్యాబు చూస్తానంది షారోను.
తాళం సారు దగ్గరుంది, సారు సెలవులో ఉన్నాడు.
కిటికీలోంచి తొంగి చూశాం:
మైక్రోస్కోపుల మీద విప్పని ప్లాస్టిక్ కవర్లు,
బల్ల మీద ఒక రబ్బరు చెయ్యి,
ఒక్క సూది పోటు కూడా ఎరగనిది.

రెండోది బట్టల కొట్టు పైన.
ముప్పై వేలే.
"రోజూ రానక్కర్లేదు, పరీక్షలు మేం చూసుకుంటాం."
మెట్లు దిగుతూ నా కూతురంది:
"రోజూ పోనోళ్ళేగదమ్మా
నాన్నకి షుగర్ లేదని రాసిచ్చింది."
నేనేం మాట్లాడలేదు.
ఆ కాయితం ట్రంకుపెట్టెలో ఉంది,
స్టాంపు ఇంకా చెరగలేదు.
ఆటోవాడు రెండుసార్లు హారను కొట్టాడు.

మూడోది పెద్దాసుపత్రి వెనక.
పెచ్చులూడిన గోడ, తుప్పు పట్టిన కుర్చీలు.
తెగిన చెప్పుకి పిన్నీసు పెట్టుకున్న పిల్ల
ఒక ముసలాయన చెయ్యి పట్టుకుని
"ఏ ఊరు తాతా?" అంటోంది.
"చీమకుర్తి, రాళ్ళ పనికి..."
ఆయన మాట పూర్తయ్యేలోగా సూది లోపలికి పోయింది, బయటికొచ్చింది,
ఆయన ఇంకా క్వారీ గురించే చెబుతున్నాడు.

ఇక్కడ చదివినోళ్ళు యాడున్నారని అడిగా.
గుమాస్తా తల ఎత్తకుండా పెన్నుతో చూపించాడు:
"ఆ కిటికీలో ఒకమ్మాయి. ఎదురు గదిలో ఇద్దరు."
మధ్యలో మానేసినోళ్ళెంతమందని అడిగా.
అప్పుడు తల ఎత్తాడు.
"పోయినేడు నలుగురు.
ఇద్దరికి పెళ్ళిళ్ళు, ఒకడికి బస్సు కుదరక,
ఒకమ్మాయి రక్తం చూడలేక."
అబద్ధానికి ఇంత లెక్క ఉండదు.
ఫీజు చెప్పాడు. మనసులో కూలి రోజులు లెక్కేశా,
నలభై మూడు.
చేతికందే ఆకే ఇది.

కానీ సీట్లు తక్కువ.
జాబితాలో మాది కింద, గీత అవతల,
పదకొండో పేరు.
రెండో జాబితా ఎప్పుడంటే
బోర్డు చూసుకుంటా ఉండండన్నాడు.

సీజను అయిపోయింది, షెడ్డుకి తాళం పడింది.
బంక అంటిన నా వేళ్ళ నలుపు
ఏ సబ్బుకీ పోదు.
రాత్రి షారోను నా జబ్బకి
దాని పాత జడ రిబ్బను బిగించి కట్టింది.
మోచేతి మడతలో వెతుకుతోంది.
"ఈ తోలులో నరమేం కనపడుద్దే" అన్నా.
"చూడ్డం కాదమ్మా, తాకాలి" అంది,

కళ్ళు మూసుకుని.