చెవితమ్మె మెత్తన

రెండున్నరకి లేస్తాం.
కనోంజి ఊరంతా సముద్రం వైపు తిరిగి పడుకుని ఉంటుంది.
హత్సుయె గారు దీపం వెయ్యకముందే
కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి
గాలిని వేళ్ల మధ్య నలిపి చూస్తారు.
"వాన పొత్తిలో ఉంది. నీళ్లు తగ్గించు."

ఉదొన్ పిండి మూట ఇరవై అయిదు కిలోలు.
నేను నలభై ఆరు.
మొదటి నెలంతా
ఎవరు ఎవర్ని మోస్తున్నామో తేలలేదు.

ముద్దని పట్టాలో చుట్టి, మీద చాప పరిచి,
మేజోళ్లతో ఎక్కి తొక్కాలి.
వేళ్లతో కాదు, మడమతో.
నడిమి నుంచి అంచుకి, అంచు నుంచి నడిమికి,
దిగి, మడిచి, మళ్లీ ఎక్కి.
బరువు చాలదని నా వీపుకి
బియ్యం సంచీ కట్టారు, పసిబిడ్డని కట్టినట్టు.

తినేదాన్ని తొక్కుతారా అని
ఒసాకా పిల్లాడొకడు ముక్కు చిట్లించాడు.
"చేతులకి ఇంత బరువెక్కడిది నాయనా" అన్నారావిడ.
వాడు రెండో గిన్నె అడిగాడు.

నలభై ఏళ్లు తొక్కారు.
రోజుకి ఎన్ని వేల అడుగులో
ఒకసారి లెక్క మొదలుపెట్టి మానేశాను.
అంత నడిచీ ఆవిడ ఈ గది దాటలేదు.
మోకాలి చిప్ప కింద మెత్తనిదేమీ మిగల్లేదట,
ఎముకా ఎముకా ఒరుసుకుంటున్నాయట.
తకమత్సు డాక్టరు ఎక్స్‌రే దీపానికి పెట్టి చూపిస్తుంటే
ఆ తెల్లటి గీతల్ని తేరిపార చూసి
"కోత మందంగా పడింది" అన్నారట.

ఆపరేషన్ తర్వాత కుర్చీలోకి మారారు.
నేను తొక్కుతుంటే కళ్లు మూసుకుని వింటారు.
"ఎడమకాలు అబద్ధమాడుతోంది."
నిజమే. ఎడమ పాదంలో బొబ్బ.

మిషన్లమ్మే ఆయన రంగు కాగితాలు తెచ్చాడు.
గంటకి వంద కిలోలు, నడుంనొప్పి లేదు.
నేను ఆశగానే చూశాను, దాచడమెందుకు.
ఆవిడ వద్దనలేదు, సరేననలేదు.
కాగితం కరెంటు బిల్లుల డబ్బాలో ఉంది.
మధ్యాహ్నాలు అప్పుడప్పుడు తీసి
కళ్లద్దాలు పెట్టుకుని చదువుతుంటారు.

ఆరుకి గుర్రపు నాడాలా జనం వంగి నిలబడతారు బల్ల చుట్టూ.
కాగు ముందు నా మోచేతి దాకా ఆవిరి వాతలు.
మా రాత్రిని
ఆరు నిమిషాల్లో జుర్రుకుని వెళ్లిపోతారు.
అదే కావాలంటారావిడ.
ఆగి మెచ్చుకునేవాళ్లని చూస్తే అనుమానం ఆవిడకి.

ముద్ద సిద్ధమైందో లేదో తెలియాలంటే
ఒక చెయ్యి ముద్ద మీద, ఒక చెయ్యి చెవితమ్మె మీద.
రెండూ ఒకే మెత్తన కావాలి.
నిన్న చాలాసేపు చెవి పట్టుకుని కూచున్నారు.
ముద్ద కుదర్లేదా అన్నాను.
"ముద్దకేం. చెవే ముసలిదైపోయింది,
దీన్ని నమ్మితే సాయంత్రానికల్లా అంబలి అమ్ముకోవాలి.
ఇలా రా."

వంగాను.
పిండి వేళ్లతో నా చెవి పట్టుకున్నారు.
బళ్లో తప్పుచేస్తే పట్టుకున్నట్టు కాదు,
ధర అడిగే ముందు పండుని పట్టుకున్నట్టు.
ఆ వేళ్లు ఇంత చల్లగా ఉంటాయని అనుకోలేదు.

"ఇంకో రెండొందల అడుగులు."

ఎక్కాను.
బయట రేవుకి పోయే మొదటి లారీ.
చెవి మీద పిండి ఎండి బిగుస్తోంది,
తుడుచుకోలేదు.
నూట తొంభై దాటాక లెక్క తప్పాను.
కుర్చీ వైపు చూశాను.
కళ్లు మూసుకునే ఉన్నారు.
ఎడమకాలి గురించి ఏమీ అనలేదు.