ఆరువందల పద్నాలుగో నమూనా

జూరిచ్‌లో, చర్మవ్యాధుల ఆసుపత్రి నేలమాళిగలో
నా ఉద్యోగం ముఖాలు పోత పోయడం.
పై అంతస్తులో డాక్టర్లు రోగానికి పేరు పెడతారు.
కింద నేను దానికి అచ్చు తీస్తాను.

కనుబొమలకు నూనె రాస్తాను,
ముక్కుపుటాల్లో రెండు గడ్డిపుల్లలు,
ఆపైన తడి ప్లాస్టర్.
"మెల్లగా ఊపిరి తీయండి, నవ్వకండి."
గట్టిపడేటప్పుడు ప్లాస్టర్ వెచ్చబడుతుంది.
చాలామంది ఏడ్చేది అప్పుడే.
నొప్పికి కాదు.
ఎవరూ ముట్టుకోని ఆ చోట
ఎన్నాళ్ళకో ఒక అరచెయ్యి ఆనినట్టుంటుందట.

తేనెమైనం, గుగ్గిలం, చిటికెడు సింధూరం.
రంగు పైన పూస్తే బొమ్మవుతుంది,
లోపలినుంచి వస్తేనే ఒళ్ళవుతుంది అనేది
నాకు పని నేర్పిన ఫ్రౌ శ్టూకీ.
అందుకే పొర మీద పొర:
అడుగున నెత్తుటి ఎరుపు, దానిపైన కాస్త పసుపు,
ఆపైన, ఎండకి మనిషి తనకు తాను పట్టుకునే
ఆ గోధుమరంగు గొడుగు.
అన్నిటికన్నా పైన, పల్చగా, ఏ రంగూ లేని మైనం.
ఆ పై పొర మనుషుల్లోనూ చచ్చిన కణాలేనట.
తల్లి బిడ్డని నిమిరేది కూడా
చచ్చినదాని మీదుగానేనా అని
ఒక రాత్రి నిద్రపట్టలేదు నాకు.

రెప్ప మీద ఉల్లిపొర, మడమ దగ్గర చెప్పు అట్ట.
రొట్టెలబట్టీ వాడి మోచేతి మీద
అభ్రకంలా రేగిన పొలుసులు పెట్టడానికి
నాకు నాలుగు రోజులు పట్టింది.
అతనికవి మూడు వారాలకోసారి వాటంతటవే వచ్చేవి.

ఉర్సీనా కాడుఫ్ పట్టుమిల్లులో దారం చుట్టే పిల్ల.
టోపీ తీస్తే
అయిదు ఫ్రాంకుల నాణెమంత నున్నటి చోట్లు, మూడు.
మంట లేదు, దురద లేదు, పుండు లేదు.
శరీరమే తన వెంట్రుకల్ని పగవాళ్ళనుకుంటోందన్నాడు డాక్టరు.
"రోజుకి వందదాకా ఎవరికైనా రాలతాయమ్మా."
"నాకు రాలినవి లెక్కపెట్టాను," అంది.
సంచిలోంచి కాగితం పొట్లం తీసింది.
పొద్దుపొద్దునే దిండు మీంచి ఏరినవి,
చిక్కు లేకుండా దువ్వి, పట్టుదారంతో కట్టినవి.

అవే గుచ్చాను.
వేడి సూదితో, ఒక్కొక్కటే, ఏటవాలుగా.
వెంట్రుక నిటారుగా మొలవదు,
చర్మంలో కాస్త పక్కకి ఒరిగి పడుకుంటుంది.
చలికో భయానికో
దాని మొదట్లో ఓ పిసరంత కండరం దాన్ని లేపి నిలబెడుతుంది.
నా మైనానికి ఆ ఒక్కటే లేదు.
తెల్లటి నారగుడ్డ అంచు కట్టి, నల్లచెక్క మీద బిగించి,
కింద చీటీ అంటించాను:
సంఖ్య 614, స్త్రీ, ఇరవై రెండేళ్ళు.

మూడు చలికాలాల తర్వాత మళ్ళీ వచ్చింది.
డాక్టర్ని చూడ్డానికి కాదట.
టోపీ తీసింది. ఆ మూడు చోట్లా జుట్టుంది,
గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పిట్టకున్నట్టు,
తెల్లగా.
మొలవడం గుర్తొచ్చింది, రంగు ఇంకా గుర్తురాలేదు.
"చూపిస్తారా?"
బీరువా తెరిచాను.
తన ముఖం ముందు తను చాలాసేపు నిలబడింది.
నేలమాళిగ చలికి
ఆమె ముంజేతి మీద నూగు లేచి నిలుచుంది.
గాజువెనక ఆమెకేమీ కాలేదు.

"మళ్ళీ అచ్చు తీయనా?"
"ఎందుకు? ఇది ఇంకా మారుతుందిగా."
టోపీ పెట్టుకోబోయి ఆగింది.
చటుక్కున ఒకటి పీకి నా అరచేతిలో పెట్టింది.
"దీన్నీ ఉంచండి."

ఆమె వెళ్ళాక సూది కాల్చాను.
వైద్యం లెక్కన అది తప్పే,
నమూనా పాడుచేయడమే.
వెంట్రుకవాసి తప్పు.

నిన్న ఒక కుర్ర విద్యార్థి గాజుతలుపు తీయించుకుని
భూతద్దంతో వంగాడు:
"ఇక్కడ దూది పోగేదో పడింది."
ఫూ అని ఊదాడు.
మొదలు కదల్లేదు.
కొస మాత్రం కాసేపు ఊగింది.